న్యూట్రాన్లతో నేను కనిపెట్టిన కొబ్బరినీళ్లు

నగర శివార్లలోని సుచిత్రలో మేముండే అపార్ట్‌మెంట్‌లో నన్ను సైంటిస్టు గారు అంటారు. లిఫ్టు ఆగినా, మోటారు నీళ్లు ఎక్కించకపోయినా ముందు నా తలుపే కొడతారు. నేను వెళ్లి గంభీరంగా అటూ ఇటూ చూసి, "ఎలక్ట్రీషియన్‌ని పిలువుండ్రి" అని చెప్పి వచ్చేస్తాను. ఉద్యోగమంతా లోహాల కడుపులో ఏముందో చూస్తూ గడిపిన మనిషికి ఆ మాత్రం గౌరవం దక్కాలి కదా. ఈ మధ్య పై అంతస్తు అమ్మాయి ఒకతి పీహెచ్‌డీలో చేరిందట, వచ్చి అడిగింది. "అంకుల్, మీ సర్వీసుల మీరు కనిపెట్టిన పెద్ద విషయం ఏంది?" నేను ఉన్నమాట చెప్పాను. "కొబ్బరినీళ్లు." పెద్దాయనకు కాస్త తేడా చేసిందనుకుందేమో, జాలిగా నవ్వి వెళ్లిపోయింది.

ఆమె కోసమూ, ఆమెలాగే ఇప్పుడిప్పుడే పరిశోధనలోకి వస్తున్న మీ కోసమూ ఇది రాస్తున్నాను. కొబ్బరినీళ్లు నాకు ముందు కూడా ఉన్నాయని నాకు తెలుసు. కానీ ఉక్కు లోపల వాటిని చూసి, అది ప్రకృతి దాచుకున్న రహస్యమని నమ్మి, దానికి తన ఇంటిపేరు పెట్టుకోబోయిన మనిషి మాత్రం ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

మా ప్రయోగశాల మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్యలో, రింగురోడ్డు దిగి కాస్త లోపలికి వెళ్తే వస్తుంది. లోహపు పొడులతో పనిచేసే విభాగానికి నేను పెద్దను. పెద్దను అంటే ఏసీ రిమోట్ నా సొరుగులో ఉండేదని అర్థం. నా రిటైర్మెంటు దగ్గరపడింది. అప్పటికి నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క పీహెచ్‌డీ విద్యార్థిని. శామీర్‌పేట అవతల ఒక ఊరి నుంచి వచ్చేది. ముస్లిం రైతు కుటుంబం. వాళ్ల నాయిన బంతి, చామంతి పండిస్తాడు. ఆ పిల్ల ఇంట్లో ఉర్దూ మాట్లాడేది, బయట మనందరిలాగే తెలుగు మాట్లాడేది, కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం ఏ భాషా మాట్లాడేది కాదు. దసరాకు మా మిషన్లకు కట్టే బంతిపూలు ఏటా వాళ్ల తోట నుంచే వచ్చేవి. అడక్కుండానే బుట్ట నిండా తెచ్చేది.

ఇప్పుడు కొంచెం పాఠం. భయపడకండి, త్వరగానే ముగిస్తాను. ఎక్స్‌రే సంగతి మీకు తెలుసు. మాంసంలోంచి పోతుంది, ఎముక దగ్గర ఆగుతుంది. న్యూట్రాన్‌ది పూర్తిగా తలకిందుల బుద్ధి. ఉక్కులోంచి పెద్దగా ఇబ్బంది పడకుండా దాటిపోతుంది గానీ, హైడ్రోజన్ ఉన్నదేదైనా అడ్డం వస్తే, అంటే నీళ్లో నూనో, అక్కడే చెల్లాచెదరైపోతుంది. అందుకే ఉక్కు ముక్క లోపల నీటి చుక్క ఉన్నా చిత్రంలో నల్లగా పడుతుంది. మా ముక్కలేమో ఉక్కు పొడిని అచ్చులో నొక్కి, హైడ్రోజన్ వాయువు పారే కొలిమిలో కాల్చి చేసినవి. ఒక్కోటి వేలెడంత ఉంటుంది. పైకి గట్టిగా కనిపిస్తాయి, లోపల మాత్రం ఇడ్లీలాగా అంతా సన్నటి రంధ్రాలే. ఆ రంధ్రాలు ఎలా ఉన్నాయో, ఒకదానికొకటి ఎలా కలుస్తున్నాయో న్యూట్రాన్ చిత్రాల నుంచి లెక్కగట్టడం ఆ అమ్మాయి థీసిస్.

ఆ కిరణాలు దొరికే చోట్లు మన దేశంలో చాలా తక్కువ. దరఖాస్తు పెట్టుకుని ఏడాది పొడవునా కాచుకుంటే మన వంతుకు కొద్ది రోజులు ఇస్తారు. ఆమెకు అది మొదటి వంతు. రిజిస్ట్రేషన్ గడువు తోసుకొస్తోంది కాబట్టి దాదాపు ఆఖరి వంతు కూడా. ఆ కొద్ది రోజుల్లో తెచ్చుకున్న చిత్రాల మీదే థీసిస్ నిలబడాలి. నిలబడకపోతే అన్నేళ్ల కష్టమూ గంగపాలే.

ఆ కిరణాల కోసం ఆమె బయల్దేరే ముందు దసరా వచ్చింది.

ఆయుధపూజ మా దగ్గర ఘనంగా జరిగేది. కొలిమికి పసుపు, పొడిని నొక్కే ప్రెస్సుకు కుంకుమ, మైక్రోస్కోపుకు జాగ్రత్తగా కాలి దగ్గర ఒక బొట్టు. ఆ ఏడాది నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ముక్కలు అంత దూరం పోతున్నాయి, వాటికి కూడా పూజ జరగాలి. ట్రేలో వరసగా పేర్చి బెంచి మీద పెట్టించాను. ఒక ముక్క మాత్రం, ఎందుకైనా మంచిదని, ఆ అమ్మాయి తన సొరుగులో విడిగా దాచుకుంది. కొబ్బరికాయ కొట్టడానికి బయట రాయి ఉంది. నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. కానీ నేను పదార్థ శాస్త్రవేత్తను. పెంకు ఎక్కడ బలహీనంగా ఉంటుందో, ఏ కోణంలో దెబ్బ వేస్తే సమంగా పగులుతుందో నిలబడ్డ అందరికీ వివరించి, ట్రే పక్కనే పెట్టి, ల్యాబు సుత్తితో ఒక్కటిచ్చాను.

నిజంగానే సమంగా పగిలింది. తీర్థానికని పట్టిన గ్లాసులో రెండు చుక్కలు పడ్డాయి, మిగతావన్నీ ట్రేలో పడ్డాయి. కొలిమి చూసే ఆయన చప్పట్లు కొట్టాడు. నాకంటే రెండేళ్లు చిన్న, మేడ్చల్ వైపు మనిషి, నేనేం చేసినా ముందు మెచ్చుకుని తర్వాత ఆలోచించే రకం. "మస్తు వలిగింది సార్! ఇగ మన పని అయినట్టే" అన్నాడు. ఆ అమ్మాయి గబగబా బట్ట తెచ్చి ముక్కలన్నీ తుడిచింది. తళతళలాడాయి. ఉక్కు మీద పడ్డ నీళ్లు తుడిస్తే పోతాయి కదా అనుకున్నాం అందరం. లోపల ఇడ్లీ అని ఊళ్లోవాళ్లందరికీ చెప్పుకు తిరిగిన మనిషిని కూడా నేనే.

ఆమె ముక్కలు తీసుకుని రైలెక్కింది, చిత్రాలు తీసుకుని వచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె పని బియ్యం ఏరడమే. కిరణం లేనప్పుడు తీసిన చిత్రాన్ని తీసివేయడం, ముక్క లేనప్పుడు తీసిన చిత్రంతో భాగించడం, దారి తప్పి వచ్చిన తెల్ల చుక్కలను ఏరి పారేయడం. ఇవన్నీ అయ్యాక వందల చిత్రాలను కలిపి ముక్కను కంప్యూటర్ లోపలే కోసి చూడొచ్చు. ఆమె కోసిన మొదటి కోతను నేను ఆమె భుజం మీంచి చూశాను. ముక్క లోపల, పై అంచు నుంచి కిందికి, నల్లటి పొర.

"ఏంది బిడ్డా ఇది?"

"హైడ్రోజన్ ఉన్నట్టుంది సార్," అంది మెల్లగా.

కొలిమిలో పారే హైడ్రోజన్ లోపల చిక్కుకుని, ఒక క్రమంలో పొరగా పేరుకుంది! ఇప్పటివరకూ ఎవరూ చూడనిది! ఇంటికి పోయేటప్పుడు కొంపల్లి ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్నా నాకు చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంటికి చేరేలోపే దానికి పేరు పెట్టేశాను. మా ఇంటిపేరుకు చివర 'పొర' తగిలించాను. అన్నం తినేటప్పుడు మా ఆవిడకు చెప్పాను.

"పొరకు మన ఇంటిపేరు పెట్టుడేంది?" అంది ఆవిడ. "ఉల్లిగడ్డ అనుకుంటరు."

"ముందుతరాలు గుర్తు వెట్టుకుంటయి."

"ముందు బజారుకెల్లి కొత్తిమీర తెమ్మంటె గుర్తు వెట్టుకో. నిన్న చెప్పిన."

సైన్సు తెలియనివాళ్లతో వాదన ఎందుకని ఊరుకున్నాను. కొత్తిమీర ఆ రోజు కూడా తేలేదు.

ఆ తర్వాత మూడు నెలలు నేను నేల మీద నడవలేదు. వ్యాసం రాయడం మొదలుపెట్టాను. మధ్యమధ్యలో ఆ అమ్మాయి వచ్చి ఒక్కో అనుమానం చెప్పేది. చెప్పేది అనడం కూడా తప్పే. ఒక చిత్రం నా ముందు పెట్టి పక్కన నిలబడేది.

"సార్, గీ పొర అన్ని ముక్కలల్ల ఒక్కదిక్కే ఉన్నది. పైదిక్కే."

"కొలిమిల గ్యాస్ పైకెల్లి వస్తది గద బిడ్డా!"

ఇంకో వారానికి ఇంకో చిత్రం. "సార్, మొదటి ముక్కల మస్తు నల్లగున్నది. ఆఖరు ముక్కల జరంతనే ఉన్నది. వరసగా తగ్గుకుంట పోతాంది."

"కొలిమిల ముందటి ముక్కకు గ్యాస్ ఎక్కువ తగులుతది, ఎనుకటిదానికి తక్కువ. ఇదీ రాసుకో."

"సొరుగుల ఉన్న ముక్కకు మన ల్యాబుల పరీక్ష జేసి చూసిన సార్. దాంట్ల హైడ్రోజన్ ఏం కనవడలే."

"సొరుగుల ఉండి ఉండి అంతా బయటికి పోయి ఉంటది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాణ్ణి మీరు చూసి ఉంటారు. నా దగ్గర నాలుగో కాలు ఎందుకు లేదో వివరించే సిద్ధాంతం కూడా ఉండేది. ఆ అమ్మాయి "సరే సార్" అని వెళ్లిపోయేది. "నీ థీసిస్ అయిపోయినట్టే పో" అని నేను ఎంత ఉత్సాహపరిచినా ఆ మొహంలో వెలుగు కనిపించేది కాదు. చిక్కిపోయింది కూడా. క్యాంటీన్‌లో మా వాళ్లతో అన్నాను, ఈ కాలం పిల్లలకు పెద్ద ఆలోచనలంటే భయమని. వాళ్లు తలలూపారు. రిటైర్ కాబోయేవాడి మాటకు ఎవరైనా తలూపుతారు.

మా సంస్థ పెద్దసారు నా కోసం ఒక ఉపన్యాసం ఏర్పాటు చేశాడు. నగరంలోని వేరే ప్రయోగశాలల నుంచి కూడా వస్తారు. రిటైర్మెంటుకు ముందు ఇంతకంటే ఏం కావాలి? కొత్త చొక్కా కుట్టించుకున్నాను. ఇక రెండు మూడు రోజులు ఉందనగా ఆ అమ్మాయి నా గదిలోకి వచ్చింది.

"సార్, ఒక్క మాట. ముక్కల్ని వేడి జేసి, లోపలికెల్లి ఏమొస్తదో కొలిస్తె మీ ఉపన్యాసంల ఒక గ్రాఫు గూడ పెట్టొచ్చు."

అంతకు ముందు ఇదే మాట అడిగితే కసిరాను. చరిత్రను ఎవరైనా కాలుస్తారా అన్నాను. ఈసారి గ్రాఫు అనేసరికి మెత్తబడ్డాను. తెర మీద నల్లటి పొర, పక్కనే పైకి లేచే గీత. "జెయ్యి. నేనే చెప్తున్న, జెయ్యి" అని హుకుం జారీ చేశాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, "థాంక్స్ సార్" అంది. గ్రాఫు కోసం ఇంత సంతోషమా అనుకున్నాను.

ఉపన్యాసం రోజు పొద్దున నేను తలుపు వేసుకుని, గోడకు ఉపన్యాసం ఇస్తున్నాను. "ఈ పొరను మనం ఏమని పిలవాలి?" అని గోడను అడిగి, వినయంగా నవ్వడం సాధన చేస్తున్నాను. అప్పుడు వాసన వచ్చింది. మొదట లీలగా, తర్వాత ఘాటుగా. తీపి వాసన, కొంచెం మాడిన తీపి. ఎవరో ల్యాబులో వంట పెట్టారని కోపం వచ్చింది. తలుపు తీసి వెళ్లేసరికి చిన్న ఓవెన్ చుట్టూ నలుగురైదుగురు పోగయ్యారు.

"ఎవలో పాకం పెట్టిండ్రు సార్," అన్నాడు కొలిమి ఆయన, ముక్కు ఎగబీలుస్తూ. "టిఫిన్ డబ్బా ఏదన్న లోపట మర్చిపోయిండ్రా ఏంది? జల్దీ తియ్యుండ్రి, మాడుతాంది."

"లోపట ముక్కలే ఉన్నయి," అంది ఆ అమ్మాయి. ఓవెన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

తలుపు తీశాం. సొరుగు ముక్క ఒక మూల శుభ్రంగా మెరుస్తోంది. మిగతా ముక్కల పైభాగమంతా గోధుమరంగు జిగురు. సన్నటి బుడగలు రంధ్రాల్లోంచి బయటికి వచ్చి పేలుతున్నాయి. మొదటి ముక్క మీద ఎక్కువగా, ఆఖరి ముక్క మీద తక్కువగా. కొలిమి ఆయన వంగి గట్టిగా పీల్చాడు. మొహం విప్పారింది.

"కొబ్బరి లౌజు వాసనొస్తాంది సార్!" అన్నాడు. అనేసి, తాను ఏమన్నాడో తనకే అర్థమై, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

నాకు దసరా గుర్తొచ్చింది, సుత్తి గుర్తొచ్చింది, దెబ్బ ఏ కోణంలో వేయాలో నేను ఇచ్చిన పాఠం గుర్తొచ్చింది. కొబ్బరినీళ్లు రంధ్రాల్లోకి దిగి ఆరాయి, ఆరినా లోపల చక్కెర మిగిలింది, చక్కెరలో కావలసినంత హైడ్రోజన్. మూడు నెలలుగా నేను చూసి మురిసింది దాన్నే. ఇందులో దేవుడి తప్పేమీ లేదు. ఆయనకు చేరాల్సింది చేరింది. ట్రే మీద కొట్టమని ఆయన చెప్పలేదు.

గదిలోకి పోయి కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన జ్వరం. జ్వరమని కబురుపెట్టి కారెక్కితే గంటలో సుచిత్ర. రెండో ఆలోచన ఇంకా నీచమైనది. ముక్కలను ఆ అమ్మాయి సరిగ్గా తుడవలేదని చెప్పొచ్చు, నలుగురూ నమ్ముతారు. అంతదూరం ఆలోచించాక నా మీద నాకే రోత పుట్టింది. నేను తప్పుకుంటే జనం ఊరుకోరు. ముక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి అని అడుగుతారు. కాగితాల మీద ఉన్నది ఆ అమ్మాయి పేరే. నాకు పోయేది ఒక పొర, ఆ పిల్లకు పోయేది పీహెచ్‌డీ.

మధ్యాహ్నం హాలు నిండింది. తెర మీద మా ఇంటిపేరు పెద్ద పెద్ద అక్షరాల్లో వెలుగుతోంది. దాన్ని మార్చాలన్న తెలివి కూడా లేకపోయింది నాకు. కొత్త చొక్కా వీపుకు అంటుకుపోయింది. మైకు పట్టుకుని అన్నాను.

"ఈ పొర నిజమే. చిత్రంల తప్పు లేదు, లెక్కల తప్పు లేదు. అవి ఈ అమ్మాయివి. కాని ఇది ఉక్కుల పుట్టింది కాదు. దసరా నాడు నేను కొట్టిన కొబ్బరికాయల పుట్టింది. నమూనాల ట్రే మీద కొట్టిన. సుత్తితోని."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఆగలేదు. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను కూడా నవ్వాను. అంతకంటే చేయగలిగింది లేదు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. నవ్వులు తగ్గాక అడిగాడు.

"నీ సంగతి సరే. నువ్వు ఎట్లన్న రిటైర్ అయితున్నవ్. మరి ఈ అమ్మాయి సంగతేంది? ఆమె దగ్గరున్న చిత్రాలన్ని ఇవే గద?"

హాలు చల్లబడింది. ఆ అమ్మాయి లేచి, నన్ను అడగకుండానే ముందుకొచ్చి, తన చిత్రం ఒకటి తెర మీద పెట్టింది. ముక్కలన్నీ ట్రేలో ఉన్న వరసలోనే పేర్చి, నలుపు ఎక్కడ ఎంత ఉందో రంగుల్లో చూపించిన చిత్రం. ఆమె దాన్ని ఎప్పుడో తయారుచేసి పెట్టుకుంది.

"ఉక్కుల పుట్టిన హైడ్రోజన్‌కు పైన కింద తెల్వది సార్," అంది. "గీ మరకకు తెలుసు. పైకెల్లి కిందికి దిగింది. ఇగ ట్రేల గీ మూలకెల్లి ఆ మూలకు తగ్గుకుంట పోయింది. పొర పోను మిగిలిన జాగల రంధ్రాల లెక్క ఖరాబు గాలేదు సార్. అది నేను వేరు జేసిన."

"అంటె నీళ్లు ఎటుదిక్కుకెల్లి పడ్డయో గూడ చెప్పగలవా?" అని అడిగాడు పెద్దసారు.

ఆమె తెర మీద ఒక మూలకు వేలు పెట్టింది. "గీడ కొట్టిండ్రు సార్."

దొంగ ఎక్కడ నిలబడ్డాడో పోలీసు కుక్క చూపించినట్టు హాలంతా నా వైపు తిరిగింది. నేను చెయ్యెత్తాను. పెద్దసారు అప్పుడు నవ్వాడు. నవ్వి, బయట నుంచి వచ్చినవాళ్లతో చాలాసేపు ఆ అమ్మాయి లెక్క గురించే మాట్లాడాడు. గడువు పొడిగించమని విశ్వవిద్యాలయానికి తానే చెబుతానన్నాడు. కిరణాల కోసం ఇంకో వంతు కూడా తర్వాత దొరికింది. చిత్రాల్లో ఇలాంటి దొంగ మరకలను ఎలా పట్టుకోవాలన్నది ఆమె థీసిస్‌లో ఒక అధ్యాయమైంది, అవతలి ఏడాది డాక్టరేటూ వచ్చింది. కానీ ఆ సాయంత్రానికి ఇవేవీ మాకు తెలియవు. పెద్దసారు మాట మీద కొంచెం ఆశ పుట్టింది, అంతే.

సాయంత్రం ఆమెను శామీర్‌పేట చౌరస్తా దాకా నా కారులో దింపాను. వాళ్ల ఊరి బస్సు రావడానికి ఇంకా టైముంది. పక్కనే టీ కొట్టు. ఇద్దరం గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"నీకు ఎప్పుడు ఎరుకైంది బిడ్డా?"

"మొదటి కోతల్నే అనుమానమైంది సార్. ట్రే వరస జూసినంక ఖాయమైంది."

"అంటె మూడు నెలలు! నేను ఎగురుతాంటె సూసుకుంట ఊకున్నవా? ఒక్క మాట చెప్పొద్దా?"

ఆమె రోడ్డు మీద పోతున్న లారీల వైపు చూస్తూ నిలబడింది.

"ఎట్ల చెప్పాలె సార్? వేరేటోళ్లు చెప్తె కొబ్బరినీళ్లు పడ్డయి అన్నట్టుంటది. నేను చెప్తె, పూజ జేసుడు వల్ల ఖరాబైందని నేనన్నట్టుంటది. మీరు అనుకోరు. కాని ఎవరన్న ఒక్కలు అనుకున్నా, ఆ మాట నా ఎనుక తిరుగుతది. మా అమ్మీని అడిగిన. 'నీ నోటితోని అనకు బేటా' అన్నది. గందుకే గ్రాఫు పేరు జెప్పి, మీ నోటితోనే జెయ్యమనిపిచ్చుకోని, ఓవెన్‌ల పెట్టిన. ఓవెన్ చెప్తె ఎవలకు బాధ గాదు గద."

టీ నా చేతిలోనే చల్లారింది. అన్ని నెలలూ ఆ పిల్ల నా ముందు ఒక్కో చిత్రం పెట్టి పక్కన నిలబడింది ఎందుకో అప్పుడు అర్థమైంది. నా అంతట నేనే చూస్తానేమోనని ఎదురుచూసింది. నేనేమో పెద్ద ఆలోచనలంటే భయమని క్యాంటీన్‌లో చెప్పుకున్నాను. సిగ్గేసింది. ఊరికే మాటవరసకు అనడం లేదు, నిజంగానే తల ఎత్తలేకపోయాను.

"ఒకవేళ నేను కాల్చనియ్యకపోతే ఏం జేద్దువు?"

"ఇడిచిపెడ్దును సార్."

"దేన్ని?"

"పీహెచ్‌డీని." చాలా మామూలుగా అంది, టీ ఊదుకుంటూ. "అబద్ధం రాసి సంతకం పెట్టలేను. నిజం నా నోటితోని అనలేను. ఇగ ఏమున్నది? మా నాయినకు తోటల మనుషులు దొరుకుత లేరు. పోయిన వారం ఇంట్ల చెప్పి పెట్టిన గూడ."

పోయిన వారం. నేను చొక్కా కుట్టించుకుంటున్న వారం.

"తప్పయింది బిడ్డా," అన్నాను. మా ఇంట్లో ఈ మాట నా నోట ఎవరూ విని ఎరగరు. అందుకే కాబోలు సరిగ్గా రాలేదు.

"అయ్యో, మీరట్ల అనొద్దు సార్," అని ఆమె కంగారుపడి గ్లాసు పక్కన పెట్టేసింది. అంతలో బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర సీటు చూసుకుని, తల బయటికి పెట్టి అరిచింది. "సార్, రేపు పొద్దుగాల ముక్కలన్ని మళ్ల తూకం జూడాలె! మీరు రాండ్రి గని, నేనొచ్చేదాక ట్రే ముట్టుకోకుండ్రి!"

మర్నాడు నేను ఆమెకంటే ముందే ల్యాబుకు చేరాను. లైట్లు వేసి, ఆమె వచ్చేదాకా ఆ ట్రే పక్కన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.